చెవిలో ములుకులు: ఆంగ్లపదముల అపప్రయోగమును సహించుట, సవరించుట

లోకములో శాంతస్వభావులని పేరు వడసిన పెద్దమనుష్యులు కొందరు కలరు. రైలు రెండు గంటలు ఆలస్యమైనను వారు విసుగుకొనరు; పులుసులో ఉప్పు మరచినను ఇల్లాలిని పల్లెత్తు మాట అనరు; అప్పు పుచ్చుకొన్నవాడు ముఖము చాటువేసి తిరిగినను నవ్వి ఊరకుందురు. అట్టివారి యెదుట నిలిచి ఒక యువకుడు "ఐ విల్ రిటర్న్ బ్యాక్ టుమారో" అనుటయే తడవుగా వారి నొసలు ముడివడును, పెదవి బిగియును, అంతవరకు సాగిన సంభాషణములోని విషయమంతయు మనస్సునుండి జారిపోయి, 'రిటర్న్' అన్న తరువాత మరల 'బ్యాక్' ఏల వచ్చెనను ప్రశ్న ఒక్కటియే అందు మిగులును. ఆ యువకుడు రేపు వచ్చి బాకీ చెల్లింపనున్నాడో, ఉద్యోగము దొరికినదని చెప్పనున్నాడో వారికి పట్టదు. పునరుక్తి దోషము ఒక్కటి వారి సౌజన్యమునంతటిని హరించి వేసినది.

ఈ అధ్యాయము అట్టివారి కొరకును, అట్టివారి యెదుట నోరు విప్పుటకు జంకు యువజనుల కొరకును వ్రాయుచున్నాను. ఒకరికి కోపము, మరియొకరికి భయము. చూచుటకు ఇవి వేరు వేరుగా తోచినను వీని మూలము ఒక్కటియే. మాటలో దొరలిన తప్పును మనిషిలోని తక్కువతనముగా ఎంచు అలవాటు ఉభయులకును కలదు. పెద్దవాడు ఎదుటివానిని అట్లెంచును. చిన్నవాడు తన్ను తానే అట్లెంచుకొనును.

ఈ విషయమును విచారించుటకు, జనులు కేజీఎఫ్ అని పిలుచు కోలారు బంగారు గనుల ప్రాంతముకంటె తగిన చోటు తెలుగువారికి మరియొకటి లేదని నా అభిప్రాయము. కోలారు జిల్లా కన్నడ రాజ్యములోనిది, ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట వైపు పల్లెలలో ఎన్నో కుటుంబములకు ఇంటి భాష తెలుగు, గని కార్మికులు నివసించిన లైన్లలో అధికముగా వినవచ్చునది తమిళము, కచేరీలో కన్నడము, వీనియన్నిటిపైకి అధికారుల బంగళాలనుండి దిగివచ్చినది ఆంగ్లము. లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు 1880 లో ఇచ్చటి గనుల నిర్వహణమునకు పూనుకొన్నది మొదలు, 2001 ఫిబ్రవరి 28 న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసివేసినంతవరకు, 120 ఏండ్లకు పైగా ఈ నేలపై ఆంగ్లము పాఠ్యపుస్తకములోని భాషగా మాత్రమే ఉండక, కూలికిని హాజరుకును ప్రాణరక్షణకును సంబంధించిన భాషయై వర్ధిల్లినది. 'లిటిల్ ఇంగ్లండ్' అని పేరొందిన ఆ ఊరిలో ఎవని ఆంగ్లము ఎట్టిదో దానినిబట్టి వాని మెట్టు తెలియుచుండెను.

ఇందొక వినోదము కలదు. తొలినాళ్ళలో ఆ గనులలోనికి దిగి మనవారికి పని నేర్పిన తెల్లవారిలో పెక్కుమంది ఇంగ్లండునకు నైరృతి కొసనున్న కార్న్‌వాల్ సీమవారు. తగరమును రాగిని త్రవ్వి త్రవ్వి చేయి తిరిగినవారు. వారి ఉచ్చారణమును పలుకుబడిని లండను నాగరికులు మోటుదనముగా తలచుచుండిరి. కోలారు కార్మికుడు దొరల భాషయని ఏ ఆంగ్లమును చేతులు కట్టుకొని వినుచుండెనో, ఆ ఆంగ్లమునే దొరయొక్క స్వదేశములో మరియొక దొర పల్లెటూరి భాషయని పరిహసించుచుండెను. శుద్ధభాష అను నిచ్చెనకు చిట్టచివరి మెట్టు ఎక్కడ నున్నదో చూచివచ్చినవారు ఎవరును లేరు. పైగా ఖనిజమును త్రవ్వి తీసిన తావునకు 'స్టోపు' అనియు, ఒక అంతస్తునుండి క్రింది అంతస్తునకు త్రవ్విన బావికి 'విన్జు' అనియు ఆ గనివారి నోట నానిన మాటలే నేడు గనిశాస్త్ర గ్రంథములలో పండితులు వాడుచున్నారు. మోటువాని మాట శాస్త్రములోని కెక్కుటకు పండితుల అనుమతి పత్రమేదియు అవసరము కాలేదు.

ఊరి పేర్లనే చూడుడు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అనునవి దొర పేరునకు మన పేటను తగిలించి చేసిన సమాసములు. సంస్కృత పదమును తెలుగు పదముతో అతికినంతమాత్రముననే వైరిసమాసమని వెలివేసిన మన లాక్షణికులు ఈ పేర్లను విన్నచో ఏమందురో ఊహించుకొనవచ్చును. అయినను తరతరములుగా ఆ వైరిసమాసములలోనే జనులు కాపురములు చేసిరి, బిడ్డలను కనిరి, బిడ్డల పెండ్లి శుభలేఖలపై ఆ పేర్లే అచ్చు వేయించిరి. బౌరింగు దొర పేర వెలసిన బౌరింగుపేట నేడు బంగారుపేట. నందిదుర్గమును దొరలు 'నండిడ్రూగ్' చేసి ఒక గనికి పేరు పెట్టుకొనిరి. వారు మన పేరును విరిచినందుకు మనము అలుగలేదు; మనము వారి మాటను వంచినచో మాత్రము మనలో మనమే తగవు పడుచుందుము. ఈ పక్షపాతమునకు కారణము భాషాభిమానమని చెప్పుకొందుము గాని, నిజము చెప్పవలెనన్న అందు అభిమానముకంటె అలవాటైన బెదరే అధికము.

ఇక అసలు విషయమునకు వత్తము. ఒక ఆంగ్లపదము తప్పుగా ప్రయోగింపబడినదని మీ చెవికి తోచినపుడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఇది: ఈ ప్రయోగమువలన అర్థము చెడినదా, లేక నా చెవి మాత్రమే నొచ్చినదా? చెవి నొప్పికి మందు ఓర్పు. అర్థము చెడుటకు మందు సవరణము. ఈ రెంటిని కలిపివేయుటచేతనే ఇంటింట, ఆఫీసు ఆఫీసున ఇన్ని మనస్తాపములు కలుగుచున్నవి.

అర్థము చెడుట ఎంత ప్రమాదకరమో గనివారికి తెలిసినట్లు పండితులకు తెలియదు. ఛాంపియన్ రీఫ్ గని 10,000 అడుగులకు మించిన లోతునకు దిగినది. షాఫ్టులో మనుష్యులను దింపు కేజిని నడుపు ఇంజను డ్రైవరు పైన ఎక్కడనో కూర్చుండును. అతనికి కేజి కనబడదు, అందలి మనుష్యులు కనబడరు. అతనికి చేరునది గంట ఒక్కటియే. ఎన్ని దెబ్బలకు ఏమి అర్థమో ముందే నిర్ణయించి వ్రాసి పెట్టుదురు. పైకి లాగుటయా, క్రిందికి దింపుటయా, నిలుపుటయా, మనుష్యులు ఎక్కియున్నారా అనునదంతయు ఆ లెక్కలోనే ఉండును. గంట మ్రోత ఇంపుగా నున్నదా లేదా అని అచట ఎవరును విచారింపరు. లెక్క తప్పినదా, ప్రాణములు పోవును. మాటకు గల ప్రథమధర్మము ఇదియే. కొట్టినవాడును విన్నవాడును ఒకే అర్థమును గ్రహింపవలెను. శ్రావ్యత, వ్యుత్పత్తి, ప్రాచీనత అనునవి తరువాతివి.

ఆండర్సన్‌పేటలో ఒక ఇంట విన్న సంభాషణ ఇచ్చట చెప్పదగియున్నది. తండ్రి గనిలో పనిచేసి విరమించినవాడు. కూతురు ప్రతిదినము రైలులో బెంగుళూరు పోయి ఉద్యోగము చేసి రాత్రికి ఇల్లు చేరునది. గనులు మూతపడిన తరువాత ఆ ఊరి జీవనము అధికముగా ఈ రైలుపట్టాల మీదనే సాగుచున్నది. ఆమె తన పై అధికారి పంపిన ఈమెయిలును ఫోనులో చదువుచుండగా తండ్రి అడిగెను:

"అదేందమ్మా, 'ప్లీజ్ రివర్ట్' అంటే?"

"జవాబు పంపమని, నాయనా."

"మొన్న నీ కంప్యూటర్లో ఏదో చెడిపోతే 'రివర్ట్ చేసినా' అంటివే?"

"అది వేరే నాయనా. అది మార్చిందాన్ని మళ్ళీ ముందు మాదిరి చేసేది."

"రెండింటికీ ఒకే గంట కొడితే కేజి యాడికి పోతుందమ్మా?"

ఆ తండ్రికి వ్యాకరణము తెలియదు. ఆంగ్ల నిఘంటువును ఎన్నడును తెరచినవాడు కాడు. అయినను భాషాశాస్త్రములోని ముఖ్య సూత్రమును అతడు ఒక్క ప్రశ్నలో ఇమిడ్చెను. 'రివర్ట్' అను పదమునకు పూర్వస్థితికి మరలుట అను అర్థము ప్రపంచమంతట ప్రసిద్ధము. ప్రత్యుత్తరమిచ్చుట అను అర్థము భారతదేశపు కార్యాలయములలోను, మరికొన్ని తూర్పు దేశములలోను ప్రబలినది. ఉత్తరము వ్రాసినవాడు జవాబు కోరుచున్నాడు. చదివినవాడు అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నచో, చేసిన పనిని రద్దు చేయుమన్నారేమోయని తికమకపడవచ్చును. ఇట్టి మాటను నిస్సంశయముగా విడువవలెను. 'రిప్లై' అను తేట మాట ఉండగా 'రివర్ట్'తో పని యేమి?

ఈ కోవలోనివి మరికొన్ని కలవు. తరగతిలో మన విద్యార్థి "ఐ హ్యావ్ ఎ డౌట్" అనును. సందేహమను మన మాటలో తెలియమియు అవిశ్వాసమును రెండును కలిసియున్నవి. 'డౌట్'లో అధికముగా ధ్వనించునది అవిశ్వాసము. విదేశీయుడైన ఉపన్యాసకుడు, నేను చెప్పినదానిని ఇతడు నమ్మలేదు కాబోలునని చిన్నబుచ్చుకొనవచ్చును; 'క్వశ్చన్' అన్న సరిపోవును. "ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2015" అన్నపుడు డిగ్రీ చేతబట్టుకొని బయటికి వచ్చితినని మన ఉద్దేశము; కొన్ని దేశములవారికి అది స్పృహ తప్పి పడిపోయితినను వార్తగా వినబడును. ఇక 'బైవీక్లీ' అను మాట యున్నది. వారమునకు రెండుసార్లా, రెండు వారములకు ఒకసారియా అనునది నిఘంటువులే తేల్చలేదు. రెండర్థములను ఇచ్చి చేతులు దులుపుకొన్నవి. అట్టిచోట తప్పు మనదియు కాదు, ఇంగ్లీషువారిదియు కాదు, మాటయే చెడ్డది. లారీల వెనుక కనబడు 'ఇన్‌ఫ్లేమబుల్' అను పదమును తీసికొనుడు. మండునదని దాని అర్థము. ముందున్న 'ఇన్' అను ఉపసర్గను నిషేధార్థకమని భ్రమించినవాడు మండనిదని తలచి బీడి ముట్టింపగలడు. ఈ భయముచేతనే అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థలవారు 'ఫ్లేమబుల్' అను పొట్టి మాటను ప్రచారమునకు తెచ్చిరి. శుద్ధివాదులు కొందరు అది అపభ్రంశమని గొణిగిరి. ప్రాణము ముఖ్యమా, ఉపసర్గ ముఖ్యమా అని అడిగినచో వారికిని వేరొక సమాధానము ఉండదు.

ఇక రెండవ తెగ: చెవిని నొప్పించునే గాని అర్థమును చెరుపని మాటలు. కోలారు ఆంగ్లమునకు ఇందు ఒక ప్రత్యేకత కలదు. "హి ఈజ్ హియర్ ఓన్లీ", "ఐ విల్ కమ్ టుడే ఇట్‌సెల్ఫ్" అను వాక్యములను గూర్చి ఆంగ్లోపాధ్యాయులు ఎన్ని ఎర్ర సిరాబుడ్లు ఖర్చు చేసిరో లెక్కలేదు. కాని ఆ 'ఓన్లీ' ఎచ్చటిది? ఇచ్చటనే, నేడే అనునప్పుడు మనము పలుకు అవధారణార్థకమైన ఏకారమది. తెలుగులో ఆ ఏకారము కలదు, కన్నడములో కలదు, తమిళములో కలదు. మూడు భాషలవారు ఒకే లైనులో ఇరుగుపొరుగుగా నివసించి ఆంగ్లమున మాటలాడుకొన్నపుడు, ముగ్గురికిని సహజమైన ఆ ఏకారము ఒకే వేషముతో బయటపడినది. 'సింప్లీ' అనునది ఇంకను చక్కనిది. "వై ఆర్ యూ సిట్టింగ్ హియర్?" అనినచో "సింప్లీ" అని సమాధానము. తెలుగువాని 'ఊరికే', కన్నడిగుని 'సుమ్మనె', తమిళుని 'సుమ్మా' ముగ్గురును కలిసి ఎన్నుకొన్న ప్రతినిధి ఈ 'సింప్లీ'. ఏ పనియు లేక, ఏ ఉద్దేశమును లేక, అయినను సోమరితనమును ఒప్పుకొనక ఒకచోట ఉండుట అను భావమును ఒక్క మాటలో చెప్పుటకు ఇంగ్లీషువాడు ఎంత ప్రయాసపడవలెనో చూడుడు. లండనుకు పంపు ఉత్తరములో ఆ మాట వ్రాయకుడు. బంగారుపేట ప్లాట్‌ఫారము మీద విన్నపుడు మాత్రము మొగము ముడుచుకొనకుడు.

'కజిన్ బ్రదర్' అను మాటపై పడినన్ని అక్షింతలు బహుశః మరి దేనిపైనను పడియుండవు. కజిన్ అన్న చాలదా, బ్రదర్ ఎందులకని ఆక్షేపణము. చాలదు. పెదతండ్రి కొడుకు, పినతండ్రి కొడుకు, పినతల్లి కొడుకు మనకు అన్నదమ్ములు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు బావలో బావమరదులో. మొదటివారితో వివాహమను మాట తలపునకే రాకూడదు. రెండవవారితో మేనరికము పెద్దలు మెచ్చు సంబంధము. ఈ రెంటిని 'కజిన్' అను ఒక్క గోతములో కట్టివేయుట ఇంగ్లీషువారికి చెల్లినది. వారి సమాజమున ఆ భేదముతో పనిలేదు. మన యింటి పిల్ల ఒక యువకుని చూపి "హి ఈజ్ మై కజిన్" అనినచో వినిన పెద్దమ్మకు వెంటనే పుట్టు ప్రశ్న, వరుసకు ఏమగునే అని. "కజిన్ బ్రదర్" అనినచో ఆ ప్రశ్న పుట్టదు. ఇట్లే తోడల్లునికి మనవారు 'కో-బ్రదర్' అను పేరు కల్పించిరి. షడ్డకుడని మనము, షడ్డకయని కన్నడిగులు, సకలై అని తమిళులు వ్యవహరించు ఆ బంధువునకు ఆంగ్లములో ప్రత్యేకనామము లేదు. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు అందరును అచట 'బ్రదర్-ఇన్-లా'లే. పెండ్లిపందిరిలో పక్కపక్కన కూర్చుండి అత్తవారి మర్యాదలను తూకము వేయు ఇద్దరు తోడల్లుండ్ర సంబంధము ఎంత విలక్షణమైనదో ఎరిగినవారెవరును 'కో-బ్రదర్' అను మాటను అనవసరమని అనరు. లోటున్న చోట పుట్టిన మాటను దోషమనరాదు.

'ప్రిపోన్' చరిత్ర మరింత ఆసక్తికరము. వాయిదా వేయుటకు 'పోస్ట్‌పోన్' ఉండగా ముందునకు జరుపుటకు ఒక మాట ఉండదా అని మనవారు దానిని విరివిగా వాడిరి. ఇది భారతీయుల వికృతసృష్టి యని పలువురు నవ్విరి. కాని 1913 లోనే న్యూయార్కులోని ఒక వార్తాపత్రికకు వచ్చిన లేఖలో ఈ పదము కనబడుచున్నది. నేడు పెద్ద నిఘంటువులలో దానికి స్థానము దొరికినది. 'డు ది నీడ్‌ఫుల్' అను పలుకుబడియు ఇట్టిదే. పూర్వము ఇంగ్లండు గుమాస్తాలును న్యాయవాదులును వ్రాసికొన్న మాట అది. అచ్చట మూలబడినది, ఇచ్చట మన కచేరీలలో బ్రతికియున్నది. మన గుమాస్తా దానిని తప్పుగా నేర్చుకొనలేదు, నేర్పినవారే మరచిపోయిరి.

ఇంగ్లీషువారు తమలో తాము పడిన తగవులను చూచినచో మన భయము సగము తీరును. విలియం హ్యూవెల్ అను పండితుడు శాస్త్రజ్ఞునికి 'సైంటిస్టు' అను పేరు కల్పింపగా, అది 1834 లో అచ్చులోనికి వచ్చినది. అరువది యేండ్లు గడచిన తరువాత 1894 లో గూడ హక్స్‌లీ వంటి మహాశాస్త్రజ్ఞుడు ఆ పదమును ఏవగించుకొనెను. 'టాలెంటెడ్' అను మాట విని కవియగు కోల్‌రిడ్జి మండిపడెను. గ్రీకు ముక్కను లాటిను ముక్కతో అతికి చేసిన 'టెలివిజన్' అను పేరును, మన వైరిసమాసము వలెనే, సంకరమని నిందించినవారు ఉండిరి. నేడు ఎవరింట ఆ సంకరము లేదు? మూర్ఖుడు అను అర్థముతో బయలుదేరిన 'నైస్' అను పదము ఇప్పుడు ఎవరిని అనినను సంతసించు ప్రశంస. మన శాస్త్రకారులు దీనిని ఏనాడో నిర్ణయించిరి: యోగముకంటె రూఢి బలవత్తరము. బురదలో పుట్టినవన్నియు పంకజములే కావలెను. కాని పంకజమనినచో తామరయే, కప్ప కాదు. వ్యుత్పత్తిని చూపి వ్యవహారమును ఖండింపబూనువాడు తామరకొలనులో కప్పలను కోసికొనవలసి వచ్చును. రైలుకు ధూమశకటమని పేరు పెట్టిన మన పండితులకు ఏమైనదో తెలిసినదే కదా. ఈ అధ్యాయమును ఇంత గ్రాంథికముగా వ్రాయుచున్న నేనును రైలనియే వ్రాసితిని.

అట్లని ఎవరేమి వాడినను సరియేనని నేను చెప్పుట లేదు. 'అప్‌డేట్' ఉండగా 'అప్‌డేషన్', 'రిగార్డ్‌లెస్' ఉండగా 'ఇర్రిగార్డ్‌లెస్' ఏ లోటును తీర్చుటకు పుట్టినవో నాకు బోధపడదు. రెండవది 1934 నుండియే అమెరికా నిఘంటువు నొకదానిలో ఉన్నదట, ఉండనిండు. నిఘంటువు జనాభా లెక్కల వంటిది. అందు పేరున్నంతమాత్రమున పెద్దమనిషి అయినట్లు కాదు. వానిని నేను వ్రాయను. వ్రాసినవానితో కయ్యమునకు మాత్రము దిగను.

భయపడువారి సంగతికి వచ్చెదను. విట్‌వర్త్ అను బొంబాయి సివిల్ సర్వీసు ఉద్యోగి భారతీయుల ఆంగ్లములోని దోషములను పరీక్షించుచు 1907 లో ఒక గ్రంథమునే ప్రకటించెను; 'బాబూ ఇంగ్లీషు' అను పేర మనవారి అర్జీలను అచ్చువేసి నవ్వుకొన్న పుస్తకములు అంతకు ముందే వెలసినవి. ఆ నవ్వునకు జడిసి మనవారు ఒక కవచమును తొడిగికొనిరి. దానిని ఇప్పటికిని మన సెలవు చీటీలలో చూడవచ్చును. "విత్ రిఫరెన్స్ టు ది అబౌవ్ సబ్జెక్ట్, ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, హెన్స్ ఐ హంబ్లీ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్ అండ్ ఆబ్లైజ్." ఇందు జ్వరము వచ్చినదను వార్త ఎక్కడ దాగియున్నదో వెదకుడు. 'బెగ్' అని బిచ్చమెత్తి, 'హంబ్లీ' అని వంగి, 'గుడ్ సెల్ఫ్' అని పొగడి, 'ఆబ్లైజ్' అని మరల మ్రొక్కి, నాలుగు గడపలు దాటిన పిమ్మట గాని రెండు దినముల సెలవు చేతికి రాలేదు. వ్రాసినవాడు ఇందొక్క మాటయు స్వయముగా ఆలోచించి వ్రాయలేదు; తప్పు దొరలునను భయముచేత పరుల వాక్యమును యథాతథముగా దింపికొనెను. "ఐ హ్యావ్ ఫీవర్. ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టుడే అండ్ టుమారో." ఇంతే. ఇందు తప్పు చేయుటకు చోటు లేదు. ఒక వాక్యమున ఒక విషయము, తెలిసిన మాటతో, సూటిగా. ఆంగ్లమున తడబడువారు వారమునకు ఒక పాత ఉత్తరమును తీసి ఇట్లు గుల్ల ఒలిచి లోని గింజను వేరుగా వ్రాయు సాధన చేసినచో, కొలదినెలలలోనే కలము జంకు తీరును. పర్యాయపదముల పట్టికలు బట్టీపట్టుట కంటె ఇది మేలు.

పెద్దలకు ఒక విన్నపము. ఎదుటివాని మాటను సవరింపవలెనని తోచినపుడు, అర్థము చెడు తప్పును మాత్రమే సవరింపుడు; నలుగురి యెదుట కాక ఏకాంతమున చెప్పుడు; ఒక్కమారు చెప్పి ఊరకుండుడు. అంతకంటె మంచి మార్గము మరియొకటి కలదు. అతడు "లెట్ అస్ డిస్కస్ అబౌట్ ఇట్" అనినచో, మీరు "యెస్, లెట్ అస్ డిస్కస్ ఇట్" అని సంభాషణను కొనసాగింపుడు. చెవి గలవాడు గ్రహించును. గ్రహింపకున్నను పని జరుగును. ఉపాధ్యాయులైనచో ఒక కాగితముపై కనబడిన తప్పులన్నిటిని ఎర్రసిరాతో గీయక, ఆనాటికి అతి ముఖ్యమైనదానిని ఎన్నుకొనుడు. రక్తసిక్తమైన కాగితమును ఏ పిల్లవాడును రెండవమారు చదువడు.

ఒకరు మిమ్ము సవరించినపుడు ఏమి చేయవలెను? "థ్యాంక్స్" అని ఆ మాటను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని విషయమునకు మరలి రండు. సంజాయిషీ చెప్పకుడు, మీ బడిని, మీ ఊరిని, మీ మాతృభాషను సాక్ష్యమునకు పిలువకుడు. సవరించినవాని స్వరములో ఎగతాళి ఉన్నచో అది వాని లెక్కలోనికి పోవును; సవరణము సరియైనచో అది మీ ఖాతాలోనికి వచ్చును.

తుదకు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకై ప్రతి ఉదయము మారికుప్పమునుండి బెంగుళూరు బండి ఎక్కు యువతీయువకులతో ఒక మాట. మీరు మూడు నాలుగు భాషలవారి నడుమ పెరిగినవారు. వినుటలోను, వినినదానిని మరియొక భాషలోనికి మార్చి చెప్పుటలోను మీకు గల నేర్పు ఒకే భాష తెలిసినవానికి ఉండదు. మీ ఉచ్చారణను దాచుకొనవలదు. 'కజిన్ బ్రదర్' అని నోరు జారినను కొంప మునుగదు. 'రివర్ట్'ను విడువుడు, 'డౌట్'కు బదులు 'క్వశ్చన్' అనుడు. అడిగినది అర్థము కాకున్నచో మరల చెప్పుమని అడుగుడు. అది అవమానము కాదు. కాని "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని వారు అడుగగానే "బేసికల్లీ ఐ యామ్ ఫ్రమ్ కేజీఎఫ్" అని మొదలుపెట్టు అలవాటు ఒకటి మీలో బలముగా పాతుకొన్నది. కేజీఎఫ్ వాడనగా కేజీఎఫ్ వాడే. అందు బేసికల్లీ అయినవాడు, బేసికల్లీ కానివాడు అని రెండు తెగలు లేవు. ఆ ఒక్క మాటను మాత్రము బంగారుపేట స్టేషనులో దింపి పొండని నా విన్నపము.